చెమ్మ ఆపబోయి బూజు పెంచాను

సొంత ఉద్యోగానికి సొంత చేతులతో బూజు పట్టించుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. సౌదీలో, హఫర్ అల్ బాతిన్‌లో, ఒక చలికాలం నేను చేసిన ఘనకార్యం అది. చెప్పుకుంటే సిగ్గు, చెప్పకపోతే మీకు నష్టం.

అవి నితాఖత్ రోజులు, అంటే ప్రతి కంపెనీ ఇంతమంది సౌదీవాళ్లను పెట్టుకుని తీరాలన్న చట్టం వచ్చిన రోజులు. సౌదీవాళ్లను చాలినంతమందిని పెట్టుకోలేదని మా చిన్న కంపెనీ సర్కారువారి ఎరుపు జాబితాలో పడింది. ఎరుపులో పడ్డ కంపెనీలో ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు, రెన్యువల్ కాదు. నా ఇకామాకు రెండు నెలల గడువే ఉంది. ఈలోగా ఇంకో కఫీల్, అంటే పూచీ ఉండే యజమాని, నన్ను తన పేరు మీదికి మార్చుకుంటే సరే, లేదంటే దేశం విడిచే ఖురూజ్ ముద్ర కొట్టించుకుని జగిత్యాల దారి పట్టాల్సిందే. పైగా సర్కారుకు తలకింత అని లెవీ కట్టి మరీ కొత్త మనిషిని పెట్టుకోవాలంటే ఏ కఫీలైనా వందసార్లు ఆలోచిస్తాడు. బిడ్డ డిగ్రీ ఇంకా రెండేళ్లుంది. నాకు నిజంగానే భయమేసింది.

నా గదిలో ఉండే సలీం భాయ్ హైదరాబాదీ డ్రైవరు. ఆయనే నన్ను అబూ నాసర్ అనే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఎడారిలో విడిది చేసేవాళ్లకు క్యారవాన్లు అద్దెకివ్వడం పెద్దాయన వ్యాపారం. సొంతానికి కూడా ఒకటి ఉంచుకున్నాడు. పరుపు, పొయ్యి, సోఫా అన్నీ ఉన్న చక్రాల ఇల్లు అది. భార్య వైద్యం కోసం ఆ చలికాలం రియాద్‌లో ఉండాల్సి వచ్చి, దాన్ని ప్రహరీ లోపల నిలబెట్టి వెళ్తున్నాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి అరబ్బీలో ఏదో చెప్పాడు.

"లోపల చెమ్మ చేరకుండ చూస్కోవాల్నంట," అన్నాడు సలీం భాయ్. "వచ్చేసరికి బండి మంచిగుంటే నిన్ను తన పేరు మీదికి మార్చుకుంటడంట."

చెమ్మ సంగతి నాకొకరు చెప్పాలా? మామిడికాయ తొక్కు జాడీలకు వాసెన కట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి! గాలి తగిలితే బూజు, తగలకపోతే ఏడాది నిల్వ. జాడీకి చెల్లిన న్యాయం క్యారవాన్‌కు చెల్లదా?

ముందుగా శుభ్రం చేద్దామనుకున్నాను. పండక్కి ఇల్లు కడిగినట్టు నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించి, చీపురుతో తోసి, గుడ్డతో తుడిచాను. నేల తళతళలాడింది. సోఫా కిందికీ, నేల చెక్కల సందుల్లోకీ ఎన్ని నీళ్లు దూరాయో నేను చూడలేదు. చూడని నీళ్లు లేనట్టే అని నా లెక్క. వెంటనే కిటికీలు, పైకప్పు గాలిమూత, పొయ్యి పక్కన చిల్లులు, తలుపు అంచులు, చివరికి తాళం కన్నంతో సహా అన్నిటికీ టేపు వేశాను.

సలీం భాయ్ చూసి గడ్డం గోక్కున్నాడు. "పైన జర సందు ఉంచు తమ్మీ. గాలి ఆడాలె."

"గాలి ఆడితే దుమ్మొస్తది భాయ్. దుమ్మెనక చెమ్మొస్తది," అన్నాను. ఈ శాస్త్రం ఏ బడిలో చదివావని ఆయన అడగలేదు. మర్యాదస్తుడు.

రోజూ పని కాగానే వెళ్లి బండి చుట్టూ ప్రదక్షిణం చేసేవాణ్ణి. తలుపు మాత్రం ఒక్కసారి కూడా తీయలేదు. ఒకనాడు అద్దాలకు లోపలివైపు నీటిబొట్లు కనిపించాయి. బయటి చలి లోపలికి దూరుతోందని తేల్చుకుని ఇంకో వరస టేపు వేశాను. మర్నాడు బొట్లు పెరిగాయి. నేను మూడో వరస వేశాను. కోతికి కొబ్బరికాయ దొరికితే ఏం చేస్తుందో తెలియదు గానీ, నాకు టేపు దొరికితే ఇదీ సంగతి.

ఆరు వారాలకు అబూ నాసర్ తిరిగొచ్చాడు. నేను ఉతికిన చొక్కా వేసుకుని మరీ నిలబడ్డాను. టేపు పీకడానికే పావుగంట పట్టింది. తలుపు తీయగానే వాసన మమ్మల్ని నాలుగడుగులు వెనక్కి నెట్టింది. సోఫాకు పచ్చటి గడ్డం మొలిచింది. పరుపు మీద బూజు దుప్పటి కప్పినట్టు పరుచుకుంది. జగిత్యాల కళ్లముందు కనిపించింది.

పెద్దాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికెళ్లాడు. పొయ్యి చూశాడు, పరుపు చూశాడు, వంగి మళ్లీ చూశాడు. బయటికొచ్చి సలీం భాయ్‌ని ఏదో అడిగాడు.

"ఒక్కనాడన్న అండ్ల పండుకున్నవా అంటున్నడు."

"లేదు భాయ్. తలుపే తియ్యలే."

ఆ మాట చేరగానే పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, నా భుజం మీద చెయ్యేశాడు. సలీం భాయ్ నోరు తెరుచుకుని విని, నాకు నెమ్మదిగా చెప్పాడు.

"నీకన్న ముందు ముగ్గురికి తాళంచెవి ఇచ్చిండంట. ముగ్గురూ అండ్లనే వండుకోని, తిని, పండుకున్నరంట. ఈ పరుపు మీద బూజు యాడ చెదరలేదు, మనిషి కూసున్న గుర్తు లేదు అంటున్నడు. బూజు కడిగితే పోతదంట. అసుంటి మనిషి మల్ల దొరకడంట."

నాలుగు రోజులు, అన్ని కిటికీలూ బార్లా తెరిచి, సిర్కా, అంటే వెనిగర్, కలిపిన నీళ్లతో నేనే రుద్ది కడిగాను. ఈసారి ఎండబెట్టాను కూడా. ఆ నెలాఖరుకు నా ఇకామా మీద అబూ నాసర్ పేరు పడింది. నీ డిగ్రీకి ఇక ఢోకా లేదని బిడ్డకు ఫోన్ చేసి చెప్పాను.

అందుచేత పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తడి ఆరనిదే ఇక ఏ బండి తలుపూ మూయను. మూసినా పైన సందు ఉంచుతాను. వారానికోసారి తీసి గాలి ఆడనిస్తాను. అయితే ఆ పరుపు మీద మాత్రం, కఫీల్ స్వయంగా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినా సరే, కూర్చోను.