మెల్లగా నడపని డ్రైవరు

మా బాపు ఉద్యోగకాలమంతా రైలు నడిపాడు. అలాంటి మనిషి బొమ్మరైలు ముందు నిలబడి దాన్ని పిచ్చిపట్టినట్టు ఎందుకు ఉరికిస్తాడో నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. ఇప్పుడు కొంత తెలిసింది. తెలిశాక అయోమయం తగ్గాలి కదా, పెరిగింది.

అమ్మ చనిపోయిన ఏడాదే ఆయన్ని ఆరు నెలల వీసా మీద బర్మింగ్‌హామ్ తెచ్చుకున్నాను. నేనిక్కడ నగర కౌన్సిల్‌లో, పేదలకు అద్దె ఇళ్లిచ్చే హౌసింగ్ విభాగంలో పనిచేస్తాను. రోజంతా ఊళ్లోవాళ్ల ఇళ్ల తలనొప్పులు తీర్చి సాయంత్రం ఇంటికొస్తే, బాపు ముందుగది కిటికీ దగ్గర పొద్దున నేను ఎలా వదిలి వెళ్లానో అలాగే కూర్చుని ఉండేవాడు. టీవీ పెట్టినా అంతే, కట్టేసినా అంతే. "తిన్నవా బాపూ?" అంటే "తిన్న". "వాకింగ్ పోయినవా?" అంటే "వాన". అంతకు మించి ఆయన నోటి నుంచి ఊడిపడేది కాదు. నాకసలే ఓపిక తక్కువ. సమస్య అంటూ ఉంటే ఎక్కడో ఒకచోట దాన్ని తీర్చే మనిషి ఉండి తీరాలని నమ్మే ఉద్యోగం నాది. కాబట్టి మా నాన్న మౌనానికి కూడా మందు వెతకడం మొదలుపెట్టాను.

మా వీధి చివర చర్చి హాల్లో శనివారం మధ్యాహ్నాలు మోడల్ రైల్వే క్లబ్బు నడుస్తుందని నోటీసు కనిపించింది. ఎగిరి గంతేసినంత పని చేశాను. కాజీపేట డ్రైవరుకి రైళ్ల క్లబ్బు! ఇంతకంటే ఏం కావాలి?

హాలు నిండా బల్లలు, బల్లల మీద ఒక చిన్న ఇంగ్లండు. పచ్చటి గుట్టలు, ఇటుకల స్టేషను, గొర్రెలు, పబ్బు, పబ్బు ముందు ఆరేసిన బట్టలు. ఇంజను నా అరచేతిలో పట్టేంత ఉంది. అన్నీ ఏళ్ల తరబడి చేత్తో చేసినవి. క్లబ్బు పెద్ద ఒక రిటైరైన హెడ్మాస్టరు. నేను 'మా నాన్న నిజం రైలు నడిపారు' అనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయనే కుర్చీ తెచ్చి వేశాడు. బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. తర్వాత మమ్మల్ని నిలబెట్టి ఒక ప్యాసింజరు బండిని స్టేషన్లోంచి బయల్దేరదీశాడు.

ఆ బయల్దేరడం నేనింకా మరిచిపోలేదు. కదిలిందా లేదా అన్నట్టు కదిలింది. ప్లాట్‌ఫాం దాటేసరికి నాకు రెండు ఆవలింతలు వచ్చాయి. చుట్టూ ఉన్న పెద్దమనుషులు మాత్రం చేతుల్లో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా దానివంకే చూస్తున్నారు.

"ఇది ఆట కాదండీ" అన్నాడు హెడ్మాస్టరు నాతో, చిన్న గొంతుతో. "నిజం రైలుకి బరువుంటుంది. బరువున్నది ఎలా కదులుతుందో మాదీ అలాగే కదలాలి. ఇక్కడ నియమం అదొక్కటే. మీ నాన్నగారికి నేను చెప్పాలా?"

బాపు చేతికి కంట్రోలరు ఇచ్చారు. గుండ్రటి మీట, తిప్పితే వేగం పెరుగుతుంది. బాపు కాసేపు దాన్ని, బండిని మార్చి మార్చి చూశాడు. తర్వాత మీటను ఆ చివరిదాకా తిప్పేశాడు. బండి కీచుమంటూ దౌడు తీసింది. మలుపు దగ్గర చివరి పెట్టె గాల్లోకి లేచి గొర్రెల మధ్య పడింది.

బాపు నవ్వాడు. మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని. అమ్మ పోయాక ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, సిగ్గూ వచ్చింది, రెండూ ఒకేసారి.

హెడ్మాస్టరు పెట్టెను తీసి, చక్రాలు తుడిచి, నావైపు చూశాడు. "ఆయన ఏమంటున్నారు?"

బాపు అంటున్నది ఇది: "గీ నత్తనడక ఏందే? జోరు పెంచుమను."

నేను ఇంగ్లిష్‌లో ఇలా చెప్పాను: "కొత్త మీట కదా, చెయ్యి అలవాటు కావాలంటున్నారు. మీ పనితనం చాలా బాగుందంటున్నారు."

ఆ తర్వాత ప్రతి శనివారం నా అనువాదం అలాగే సాగింది. బాపు "వీళ్లకు పనిలేదా" అంటే "ఎంత ఓపికో" అని చెప్పేదాన్ని. బాపుకి రైల్వే ఇంగ్లిష్ బాగానే వచ్చు, నేను చేస్తున్న తిరకాసు ఆయనకు తెలుసనే అనుకుంటాను. ఏమీ అనేవాడు కాదు. హెడ్మాస్టరు టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్లగానే బాపూ, ఒక రిటైరైన పోస్ట్‌మ్యానూ ఒకరివంక ఒకరు చూసుకునేవారు. పక్కపక్క లైన్ల మీద రెండు బండ్లు, రెండు మీటలు ఆ చివరికి. పోస్ట్‌మ్యాన్ యాస బాపుకి అందదు, బాపు తెలుగు ఆయనకు రాదు. చిన్నపిల్లల్లా అరుచుకునేవారు. కెటిల్ చప్పుడు ఆగగానే బండ్లు రెండూ బుద్ధిగా నత్తనడకకు వచ్చేసేవి.

ఇంటికొచ్చాక బాపు మాట్లాడేవాడు. పోస్ట్‌మ్యాన్ ఎలా ఓడిపోయాడో, బ్రిడ్జి మీద ఏ ఇంజను ఊగుతుందో చెప్పేవాడు. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉండేది. నాకు ఆనందమే. కానీ లోపల ఎక్కడో గుచ్చుకునేది. చిన్నప్పుడు బాపు మమ్మల్ని స్కూటరు మీద బడికి తీసుకెళ్తుంటే సైకిళ్లవాళ్లు దాటుకుని పోయేవాళ్లు. ఆ మనిషేనా ఇతను? ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగేశాను.

"నిజం బండి నడిపినప్పుడు ఎన్నడన్న స్పీడు దాటినవా?"

"దాటలె."

"మరి ఈడ ఎందుకు గట్ల ఉరికిస్తవు?"

"గది బొమ్మ."

"వాళ్లు దాన్ని బొమ్మ అనుకుంటలేరు బాపూ."

"గందుకే" అన్నాడు, పప్పు కలుపుకుంటూ.

ఎందుకో నాకు అర్థం కాలేదు. ఉద్యోగంలో అణచుకున్న సరదా కాబోలు, రిటైరయ్యాక బయటపడుతోంది కాబోలు అనుకున్నాను. కానీ సరదా అయితే ముఖంలో ఆ కసి ఏమిటి? పోస్ట్‌మ్యాన్ ముఖంలో అది లేదు.

నా తీయటి అనువాదాల ఫలితం తొందర్లోనే తగిలింది. క్లబ్బు ఏటా ఊరివాళ్ల కోసం ప్రదర్శన పెడుతుంది. ఈసారి ఇండియా నుంచి వచ్చిన అసలు డ్రైవరు బండి నడుపుతారని హెడ్మాస్టరు గుమ్మంలో బోర్డు పెట్టించాడు. నన్ను పక్కకి పిలిచి మరీ మర్యాదగా చెప్పాడు.

"నేను లేనప్పుడు ఏం జరుగుతుందో నాకు తెలుసు. మోటార్లు కాలిన వాసన వంటగది దాకా వస్తుంది. ఆ ఒక్కరోజు మాత్రం దయచేసి అసలు వేగంతో నడపమనండి. ఊరంతా చూస్తుంటుంది. అప్పుడు కూడా పరుగులు పెట్టిస్తే మిగతా సభ్యులకు నేను సర్దిచెప్పలేనేమో."

ఈ దేశంలో ఇన్నేళ్లున్నాను. వీళ్లు 'దయచేసి', 'ఏమో' ఒకే ఊపిరిలో అన్నారంటే అదే ఆఖరి మాట. నా కళ్ల ముందు కిటికీ దగ్గరి కుర్చీ మెదిలింది. బాపు మళ్లీ అందులోకి వెళ్లిపోతాడని భయం పట్టుకుంది.

"ఒక్క గంట బాపూ. మెల్లగ. నా కోసం" అన్నాను ఆ సాయంత్రం.

"నాతోని కాదు బిడ్డా."

"కాదంటే ఎట్ల? ఇన్నేండ్లు చేసిందే కదా! గంటసేపు చేయరాదా?"

గొంతు పెంచాను. మా ఆఫీసులో అద్దె కట్టనివాళ్లతో కూడా అలా మాట్లాడను. బాపు ఏదో చెప్పబోతున్నాడనిపించింది. "సరే తియ్యి" అని లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు.

ప్రదర్శన రోజు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. హాలు కిటకిటలాడుతోంది. పిల్లలు అడ్డుతాడు మీద వేలాడుతున్నారు. బాపు మీట మీద చెయ్యి వేశాడు. బండి కదిలింది. కదిలిందంటే, పెట్టె వెనక పెట్టె, కొక్కెం బిగుసుకుని ఒక్కొక్కటే బరువును అందుకుంటూ కదిలింది. ఆవలించడం అటుంచి, నేను ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయాను. హెడ్మాస్టరు ఇన్నేళ్లుగా చేయాలనుకున్నది ఇదన్నమాట.

అప్పుడు బాపు కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. "స్టార్టర్, ప్రొసీడ్!" అన్నాడు గట్టిగా, స్టేషన్ చివరి సిగ్నల్ని చూస్తూ. మా దగ్గర ఇంజన్లో డ్రైవరూ, అతని అసిస్టెంటూ ఎదురయ్యే ప్రతి సిగ్నల్నీ అలా చెయ్యెత్తి ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకోవాలి, ఒకరు పొరపాటున చూడకపోయినా రెండోవాళ్లు చూస్తారని. పక్కన అసిస్టెంటు లేడు, అయినా బాపు జవాబు కోసం ఒక క్షణం ఆగి మరీ ముందుకు పోనిచ్చాడు. హెడ్మాస్టరు కళ్లు తుడుచుకున్నాడు. నేను గర్వంతో ఉబ్బిపోయాను. సమస్య తీరింది, ఫైలు మూసేయొచ్చు.

బండి గుట్ట తిరిగి లెవెల్ క్రాసింగు వైపు వచ్చింది. సిగ్నల్ ఇచ్చే ఉంది. బండి ఆగిపోయింది.

కరెంటు పోయిందనుకున్నాను. లేదు, బాపే ఆపాడు. పట్టాలకు అంగుళం దూరంలో, ఆ ఉదయమే ఎవరో అందం కోసం అతికించిన కొత్త బొమ్మ ఉంది. నీలం కోటు వేసుకుని, చేతిలో బుట్ట పట్టుకుని, అటువైపు తిరిగి ఒక అడుగు ముందుకు వేసిన ఆడమనిషి. నా చిటికెన వేలి గోరంత ఉంటుందేమో.

"పోనియ్యి బాపూ, సిగ్నల్ ఉన్నది" అన్నాను మెల్లగా.

"ఆమె చూస్తలేదు."

"ఎవరు?"

"హారన్ కొట్టిన. ఇనవడ్తలేదు ఆమెకు."

ఆ కంట్రోలరుకి హారన్ లేదు. ఆయన బొటనవేలు బల్ల అంచుని పదేపదే నొక్కుతోంది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని కొందరు నవ్వారు. రైలు ఎందుకు ఆగిందని ఒక పాప వాళ్లమ్మను అడుగుతోంది. హెడ్మాస్టరు నా చెవి దగ్గరకు వంగి, ఆయనేమంటున్నారని అడిగాడు.

ఈసారి తీపి చేయడానికి నాకు మాట దొరకలేదు. "ఆయన బండి కింద మనుషులు పడ్డారు. నిజం మనుషులు" అన్నాను. అంటున్నప్పుడే నాకూ తెలిసింది. మీట మీది నుంచి బాపు వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, బయటికి తీసుకొచ్చి కారులో కూర్చోబెట్టాను.

ఇద్దరం అద్దంలోంచి చర్చి గోడను చూస్తున్నాం. ఆయనే మొదలుపెట్టాడు.

"మెల్లగ పోతే గది బండైతది బిడ్డా. చుట్టు మనుషులు కనవడ్తరు. జోరుగ పోతే బొమ్మ. ఎవల్లేరు."

కాజీపేట క్వార్టర్లలో ఉన్నప్పుడు కొన్ని రోజులు బాపు డ్యూటీ దిగి వచ్చి ఇంట్లోకి రాకుండా పెరట్లోనే నీళ్లు పోసుకునేవాడు. ఆ రోజుల్లో అమ్మ మమ్మల్ని పక్కింటికి తోలేసేది. బట్టల మీదివి నూనె మరకలు అనుకునేదాన్ని. ఇప్పుడు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది, పోయేముందు ఒక్క మాటైనా నాకు చెప్పకూడదా అని. చెప్పి ఉంటే ఏం చేసేదాన్ని? అదీ తెలియదు.

"అమ్మకు తెలుసా?"

"మీ అమ్మకే చెప్పెటోణ్ణి. ఇంక ఎవలకు చెప్పాలె?"

హెడ్మాస్టరు రెండు పేపరు కప్పులతో వచ్చి అద్దం తట్టాడు. టీ అందించి, తడబడుతూ, నాతో కాకుండా నేరుగా బాపుతోనే అన్నాడు. "శనివారం రండి. ఏ వేగమైనా సరే. నేను బొమ్మలన్నీ తీయించేస్తాను." తిరిగి లోపలికి వెళ్లిపోయాడు.

బాపు కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. తాగలేదు.

"ఒకాయన ఉండె" అన్నాడు. "పట్టాల నడుమ నిలవడ్డడు. నన్ను సూసిండు. సూసి చెయ్యెత్తిండు, ఆపుమని. బస్సును ఆపినట్టు."

ఆ తర్వాత ఏమైందని నేను అడగలేదు.

"నేను బ్రేక్ ఏసిన బిడ్డా" అన్నాడు బాపు, నన్ను ఒప్పించాలన్నట్టు నావైపు తిరిగి. "ప్రతిసారి ఏసిన."