పేపరు మడతల చప్పుడు

పొద్దున పేపరు మడత విప్పగానే లేచే సిరా వాసనకు ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి. ఆ వాసనలోనే నాకు చదువు అబ్బింది, అందుకు రోజూ దీపం దగ్గర దండం పెట్టుకుంటాను. భయం మాత్రం పోలేదు.

ఎనభైల చివర మా ఇల్లు బీరంగూడ పక్కన ఉండేది. వానకాలంలో గాలి తిరిగితే ఫ్యాక్టరీల దిక్కు నుంచి మురిగిన కోడిగుడ్ల వాసన, పక్కింట్లో కాలుతున్న మక్కగారెల వాసన, తడిసిన పెండకుప్ప వాసన కలిసి ఒక్కసారే ఇంట్లోకి వచ్చేవి. సాయంత్రం సైరన్ మోగాక నాయనతోపాటు పొద్దటి షిఫ్టు దిగినవాళ్లంతా సైకిళ్లు గోడకు ఆనించి మా అరుగు మీద కూర్చునేవాళ్లు. అమ్మ పెద్ద గిన్నెడు చాయ్ కాచేది, బతుకమ్మ రోజులైతే సత్తుపిండి కూడా పంచేది. అందరి కంటే చివర, చంకలో పేపరు పెట్టుకుని పెంటయ్య తాత వచ్చేవాడు. ఆయన మాకు చుట్టం కాదు, వాడకట్టు పెద్దమనిషి. పేపరును పొద్దున బస్సులో తెప్పించుకుని, సాయంత్రం దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివి, అరుగు మీద రాజకీయం మొదలుపెట్టేవాడు.

ఎదుటివాడు ఏ పార్టీ అంటే ఆ పార్టీనే తిట్టడం ఆయన సరదా. గొంతు పెంచేవాడు కాదు. "నువ్వు తెలివిగల్లోనివి, నువ్వే చెప్పు" అని మెల్లగా ఎత్తుకుని, అవునని తప్ప ఇంకోటి అనలేని మాట ఒకటి అడిగేవాడు. అవునంటే పేపరు ఒక మడత. ఇంకో అవునుకు ఇంకో మడత. పేపరు అరచేయంత అయ్యేసరికి ఎదుటివాడు తన నోటితోనే ఓడిపోయి ఉండేవాడు. అప్పుడు దాన్ని తొడ కింద పెట్టుకుని చాయ్ తాగేవాడు. తలుపు చాటున నిలబడి ఆ మడతల చప్పుడు వింటుంటే నాకు భయమేసేది. నిన్న ఒకరిని ఇటు ఒప్పించిన మనిషి ఇవాళ ఇంకొకరిని అటు ఒప్పించేవాడు మరి.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, దసరా సెలవుల ఆఖరి రోజు, అరుగు మీద బడుల ముచ్చట వచ్చింది. బిడ్డలను చదివించాలని అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. పెంటయ్య తాత నవ్వాడు.

"బడి దండుగ" అన్నాడు.

"నన్ను ఒప్పియ్యి సూద్దాం" అన్నాడు నాయన. "ఒప్పిస్తే రేపటి సంది నా బిడ్డను బడి బంద్ చేయిస్త."

"మల్లేశా, నువ్వు తెలివిగల్లోనివి, నువ్వే చెప్పు. పది పాసైన ఎంకటి ఏడ పని చేస్తుండు?"

"మా తాననే, కంపెనీల."

మడత.

"నువ్వు బడి మొకం సూసినవా?"

"లేదు."

మడత.

"ఇద్దరెత్తేది ఒక్కటే బస్తానా?"

"ఒక్కటే" అన్నాడు నాయన.

మడత.

"గా బస్తాకు నీ తెలివి తెల్వది, ఎంకటి సదువు తెల్వది. ఇగ బిడ్డ కండ్లెందుకు కరాబ్ చేస్తవ్?"

అందరూ నవ్వారు. పేపరు తొడ కిందికి పోయింది. లోపల నేను గుట్ట మీది మల్లన్నకు మొక్కుతున్నాను, నాయన అన్నది ఉత్తమాట కావాలని.

కాలేదు. తెల్లారి నా పలక అటక మీదికి ఎక్కింది. "ముచ్చటకు గెలిస్తే బడి ఎట్ల ఆపుతవయ్యా?" అని అమ్మ ఏడ్చింది. "నలుగుర్ల అన్న మాట" అన్నాడు నాయన.

ఆ సంగతి తెలిసి పెంటయ్య తాత ఉరికి వచ్చాడు. ఆయన చేతిలో పేపరు లేకపోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"మల్లేశా, నేను... గది ఉత్తగనే అన్న. నిన్న గా దిక్కు మాట్లాడెటోడు ఎవ్వడు లేకుండె. గందుకే... బిడ్డను బడికి తోలియ్యి రా. నేను... ఎట్ల చెప్పాలె..."

ఖాళీ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఎవరినైనా మూడు మడతల్లో ఒప్పించే మనిషికి మూడు మాటలు కుదరడం లేదు. చెప్పు తాతా, నిన్నటి లెక్కనే చెప్పు అని తలుపు చాటున పెదవులతోనే అన్నాను.

"నిన్న నీళ్లు వారినట్టు చెప్పినవ్" అన్నాడు నాయన. "ఇయ్యాల నత్తి కొడుతున్నవ్. ఏది అబద్ధమో నాకు తెల్వదా?"

నేను మళ్లీ బడికి పోలేదు. ఆ మరునాటి నుంచి, బతికినన్నాళ్లు, పెంటయ్య తాత పేపరును పొద్దున్నే చదవకుండానే తెచ్చి మా గడపలో పెట్టేవాడు, ఒక్క మడత కూడా పడకుండా. ఐదు చదివిన అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి దాన్ని నాతో చదివించేది. అమ్మకు, ఆ తాతకు నేను రుణపడి ఉన్నాను. నాయన మీద కూడా ఇప్పుడు కోపం లేదు. అంత చక్కగా చెప్పిన మాట ఎవరైనా నమ్ముతారు.

రోడ్డు వెడల్పులో ఆ అరుగు పోయింది. సైకిళ్లు పోయాయి, సైరన్ కూడా వినబడదు. ఇప్పుడు మా ఇంటాయన టీవీ పెడితే తెర మీద గడికి ఒక మనిషి చొప్పున కూర్చుని వాదిస్తారు, ఒక్కరి నోరూ తడబడదు. వంటింటి తలుపు చాటున గరిటె పట్టుకుని నేను వింటూ నిలబడతాను, ఎవరో ఒకరైనా ఆనాటి తాతలా మాట కుదరక ఆగిపోతారేమోనని.