గాటున్నోడే దొంగ

మనవడి చేతిల అన్నాచెల్లెళ్లు దొంగలను పట్టే డిటెక్టివ్ పుస్తకం కనవడితే నాకు ఒళ్లు మండుతది. ఆ చెత్త పుస్తకాలల్ల చెంప మీద గాటుంటే చాలు, వాడే దొంగ.

నా చిన్నప్పుడు వరంగల్ల మా మిరపకాయల దుకాణంల బస్తాలు మోసే హమాలి సమ్మయ్యకు అసొంటి గాటుండె. నాయినమ్మ వెండి పొడుం డబ్బా కనవడకపోతే, ఆ పుస్తకాలే చదివే నేనూ అన్నా రెండు రోజులు ఆయన ఇంటిదాక నక్కి నక్కి పోయినం.

"బాపూ, సమ్మయ్య మూటల ఏదో దాస్తాండు," అన్నడు అన్న.

బాపు అందరి ముంగట మూట విప్పించిండు. రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ.

"చూసుకున్నరా సేటూ," అని సమ్మయ్య మూట మళ్ల కట్టుకున్నడు. తెల్లారి నుంచి పనికి రాలే.

డబ్బా నాయినమ్మ దిండు కిందనే దొరికింది. కేసు తేలిందని మేం ఎగిరినం.

సమ్మయ్య ఇల్లు మా ఇద్దరికీ తెలుసు, వెంటబడి కనుక్కున్నదే. మాఫీ అడగనీకి మాత్రం ఒక్కనాడు పోలే.