నైట్ షిఫ్ట్ ఇంటి పసివాడు

ఎనభైల మొదట్లో భిలాయిలో నేను ఇంటింటికీ తిరిగే నర్సుని. భుజాన సంచీ, అందులో పిల్లల్ని తూచే కాటా, కార్డుల కట్ట. ఖుర్సీపార్ సందుల్లో నా సైకిల్ బెల్లు వినబడితే తల్లులు గబగబా పిల్లల ముక్కులు తుడిచేవారు. అది భయమని తెలియక, గౌరవమనుకుని తెగ మురిసిపోయేదాన్ని.

ఆ సందుల్లో చాలావరకు ఒంటిగది ఇళ్లు. మగవాడు రాత్రంతా ఉక్కు ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసి, పొద్దున వచ్చి పడుకునేది ఆ గదిలోనే. వంటా అక్కడే, పిల్లలూ అక్కడే. నిద్ర చాలని మనిషి కరిగిన ఇనుము పక్కన తూలితే ఏమవుతుందో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకని బాలింతలందరికీ నేనే చెప్పేదాన్ని: "పగలు పిల్లాడి గొంతు లేవకూడదమ్మా. మీ ఆయన ప్రాణం నీ చేతిలో ఉంది." ఈ సలహా నాకెవరూ నేర్పలేదు. నా సొంత తెలివి.

ఒక ఏడాది ప్లాంటు కాలనీ సెక్టర్ 6లో మాకు నాలుగు రోజుల శిక్షణ పెట్టారు. పసిపిల్లల మనసు గురించట. నెలల పిల్లలకి మనసేమిటి, పాలు తాగి పడుకోక, అని పక్కనావిడతో గొణిగాను. నేర్పడానికి వేరే ఊరి నుంచి వచ్చిన డాక్టరమ్మ సన్నగా ఉండేది, హిందీలో నెమ్మదిగా మాట్లాడేది. మొదటిరోజే అడిగింది, మీ ఏరియాలో అందరికన్నా బుద్ధిమంతుడైన పిల్లాడు ఎవరని. నేను ఠక్కున చెయ్యెత్తాను.

"ఎనిమిది నెలలవాడు మేడమ్. వాడి ఏడుపు విని నాకు ఆరేడు నెలలైంది."

మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ మొహంలో నవ్వు లేదు. "రేపు నన్ను తీసుకెళ్తారా?" అంది.

మర్నాడు దారిలో ఒక్కటే షరతు పెట్టింది. సంచీ తెరవకూడదు, సలహా ఇవ్వకూడదు, పది నిమిషాలు ఊరికే కూర్చుని చూడాలి. పది నిమిషాలు నోరు మూసుకోవడం నా జన్మలో అదే మొదలు.

తల్లి శ్రీకాకుళం వైపు పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో. పెదవి మీద వేలు పెట్టుకునే తలుపు తీసింది. "ఆయన తొంగున్నాడు నర్సమ్మా" అని గుసగుసలాడి, మమ్మల్ని కూర్చోబెట్టి స్టవ్వు దగ్గరికి వెళ్లిపోయింది. మంచం మీద ఆయన నిండా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. మూల చాప మీద పిల్లాడు.

వాడు అప్పుడే లేచాడు. పక్కగుడ్డ తడిసిపోయింది. చెంప మీద ఈగ వాలింది. వాడు తల్లి వీపు వంక చూశాడు. చాలాసేపు చూశాడు. నోరు తెరిచాడు, చప్పుడు రాలేదు, మూసేశాడు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుని కళ్లు తెరుచుకునే పడుకున్నాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేవబోతే డాక్టరమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

కాసేపటికి తల్లి వెనక్కి తిరిగి, వాడు మేలుకుని ఉండడం చూసి ఉలిక్కిపడింది. పరుగున వచ్చి ముందు చేసిన పని, వాడి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టడం. వాడు ఏడవడమే లేదు. ఆ చేతి కింద కదలకుండా ఉండిపోయాడు. అది నేను నేర్పిన చెయ్యి.

బయటికి రాగానే కోపం డాక్టరమ్మ మీదికి మళ్లింది. "తండ్రికి నిద్ర లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది మేడమ్. ఇక్కడి సంగతి మీకేం తెలుసు?" అని అరిచాను.

"తండ్రి నిద్ర అవసరమే. కాదనను" అందావిడ. "కానీ పిలిస్తే ఎవరూ పలకరని వాడికి తెలిసిపోయింది. అందుకే పిలవడం మానేశాడు."

"మళ్లీ పిలుస్తాడా?"

"చెప్పలేను. ఆలస్యం మాత్రం చెయ్యకండి."

శిక్షణ ముగిసి ఆవిడ వెళ్లిపోయింది. నేను ఆ ఇంటికి వెళ్లి, నేను చెప్పింది తప్పని ఆ పిల్లతో ఒప్పుకున్నాను. ఆమె గుసగుసగానే నన్ను కడిగేసింది. "నోరు లెగనీకని మీరే కదా సెప్పేరు! ఇప్పుడు ఏడవనీ అంతారేటి? ఆయనకి ఏటైనా అయితే మీరొస్తారేటి?"

మూడిళ్ల అవతల ఒక ముసలావిడను బతిమాలి ఆవిడ వరండా అడిగాను. నైట్ షిఫ్ట్ వారాల్లో ఆయన పడుకోగానే తల్లీపిల్లాడూ అక్కడికి వెళ్లాలి, మధ్యాహ్నం దాకా వాడితో గట్టిగా మాట్లాడాలి, వాడు కదిలితే చాలు ఎత్తుకోవాలి. పాపం, ఆ వరండాలో కూడా ఆమెకి గొంతు లేచేది కాదు. నేను రోజూ వెళ్లి కూర్చునేదాన్ని. వాడు మా ఇద్దరినీ చూసి గోడవైపు తిరిగేవాడు. నెల గడిచింది. ఇంక పిలవడేమోనని నాకు గుబులు పట్టుకుంది.

ఒక పొద్దున జోరువాన. వరండా అంతా తడిసిపోయి ఇంట్లోనే ఉండిపోయారు. నేను తడుస్తూ వెళ్లేసరికి ఆయన నిద్రలో ఉన్నాడు. తల్లి గంజి వార్చడానికి ఒడిలోంచి వాణ్ణి దించి లేచింది. వాడు ఆమె వెళ్లడం చూశాడు. మొహం ముడుచుకుంది, మూతి వణికింది, కెవ్వుమన్నాడు.

తల్లి పరిగెత్తుకొచ్చింది. చెయ్యి వాడి నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. నా వంక చూసింది. "ఎత్తుకో" అన్నాను. ఎత్తుకుంది. వాడు ఇంకా పైస్థాయిలో అందుకున్నాడు. మంచం కిర్రుమంది. ఆయన ఎర్రటి కళ్లతో లేచి కూర్చున్నాడు. తిట్లన్నీ నేనే పడదామని ముందుకి జరిగాను.

"ఎవుల గుంటడే ఏడుస్తన్నాడు?" అన్నాడాయన నిద్రమత్తులో.

"మనోడే" అంది ఆమె. ఆమె నిండు గొంతు నేను వినడం అదే మొదటిసారి.

ఆయన నమ్మనట్టు చూశాడు. మంచం దిగి వచ్చి, వాడి నోటివంకే చూస్తూ నేల మీద చతికిలబడ్డాడు. మళ్లీ పడుకోమని ఎంత చెప్పినా వినలేదు. ఆ నిద్ర లేని కళ్లతోనే సాయంత్రం దాకా కూర్చుని, రాత్రి డ్యూటీకి వెళ్లాడు.

మర్నాడు షిఫ్టు వదిలే వేళకి సందు మొదట్లో నిలబడ్డాను. సైకిళ్లు గుంపులు గుంపులుగా వచ్చాయి, వెళ్లాయి. ఆయన లేడు. నేను మొక్కని దేవుడు లేడు. చిట్టచివర ఒంటరిగా వచ్చాడు. నన్ను చూసి ఒక కాలు నేలకి ఆనించాడు.

"నర్సమ్మా, ఆడు మళ్లీ ఏడిసేడేటి?"

తెలియదన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా ఇంటివైపు గబగబా తొక్కుకుంటూ పోయాడు.