నీలగిరి తైలం

నా ఐస్ హాకీ చరిత్ర అంటే ఊళ్ళు పట్టుకు తిరగడమే. పెద్ద లీగు మొహం ఎన్నడూ చూడలేదు. ఏ ఊరి జట్టులో ఎవడి కాలు విరిగినా నన్ను పిలిచేవారు, వాడి కాలు అతకగానే పంపేసేవారు. అయినా సిగ్గులేకుండా ఆ ఆటనే పట్టుకు వేలాడాను. ఏం చేయను, నాకొచ్చింది అదొక్కటే!

ఆ చలికాలం లండన్ పక్కన ఓ చిన్న జట్టులో ఉన్నాను. ఇంగ్లండు లండన్ కాదు, మా కెనడాలోని ఆంటారియోది. జీతం చాలక తెలుగు స్టూడెంట్లతో బేస్‌మెంట్లో దిగాను. అప్పుడు ఎక్కడ చూసినా మనవాళ్ళే, గదికి నలుగురు. చిన్నప్పుడే విన్నిపెగ్ వచ్చినా, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడితే అమ్మ ఊరుకునేది కాదు. అందుకని వాళ్ళలో ఇట్టే కలిసిపోయాను.

కుడి మోకాలు అప్పటికే చచ్చింది. కోచ్‌కు తెలిస్తే నా పని సరి. గట్టిగా కట్టు కట్టి, పైకి సాక్సు లాగి, నెలల తరబడి దాచాను. ఎలాగోలా సీజన్ ఈడిస్తే ఇంకో ఏడాది కాంట్రాక్టు దొరుకుతుందని ఆశ.

ఒక మ్యాచ్ రోజు పొద్దున మంచం దిగలేకపోయాను. వరంగల్ నుంచి వచ్చిన రూమ్మేట్ చూశాడు. "అన్నా, గిట్లనే పోతవా? జర ఆగు," అని కొబ్బరినూనె వేడిచేసి, నీలగిరి తైలం కలిపి మోకాలంతా పట్టించాడు. అబ్బ, ఎంత హాయి! వాసన సంగతి ఇద్దరికీ తట్టనేలేదు. ఆ ఇంటి తాలింపుల్లో మా ముక్కులు ఎప్పుడో పనిచేయడం మానేశాయి.

డ్రెసింగ్ రూమ్‌లో అడుగుపెట్టగానే గదంతా గుప్పుమంది. కోచ్ వచ్చి నా ముందు ఆగాడు. ఆయనా నాలాగే ఊరూరా తిరిగి ఆడినవాడే, ఆ వాసన దేనికో ఇట్టే పసిగట్టాడు. జనం కూర్చునే స్టాండ్స్ పైకి తీసుకెళ్ళి, "రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగు. దిగితే ఇవాళ ఆడిస్తా," అన్నాడు.

దేవుడా, ఈ ఒక్కసారికి, అనుకుంటూ దిగాను. రెండో మెట్టుకే చెయ్యి రెయిలింగ్‌ను పట్టేసుకుంది. మళ్ళీ దిగుతానని బతిమాలాను. గడ్డాలు మీసాలు వచ్చినవాణ్ణి, పసివాడిలా బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీ ఆట అయిపోయింది. రేపట్నుంచి నాకు అసిస్టెంట్ కోచ్‌గా ఉండు," అన్నాడు.

అక్కడే కూలబడి అమ్మకు ఫోన్ చేశాను. "నన్ను కోచ్‌ని చేశారమ్మా. ఇంక ఆడను."

"హమ్మయ్య! ఇందుకోసం ఎంతమంది దేవుళ్ళకు మొక్కానో నాన్నా," అంటూ అమ్మ భోరుమంది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకందుకే ఏడుస్తున్నామనుకుంది ఆవిడ.