నత్తగుల్ల బొమ్మ

పక్షవాతం వచ్చి తగ్గాక నా కుడిచెయ్యి నా మాట వినడం మానేసింది. గ్లాసు పట్టుకుంటే సగం టీ చొక్కా తాగేది. అదైనా ఓర్చుకోవచ్చు. మగ్గం మీద తెగిన పోగు ముడి వేయలేకపోయేసరికి చచ్చినంత పనైంది. పోగు అతకలేని నేతగాడు మగ్గం ముందు కూర్చుని ఏం చేస్తాడు?

కర్నూలులో ఒక డాక్టరు కోత లేకుండా, తలకు అయస్కాంతపు తీగచుట్ట ఆనించి మెదడును తట్టిలేపుతాడని విని, నేనూ మా ఆవిడా కోడుమూరు నుంచి రోజూ బస్సెక్కేవాళ్లం. "కొందరికి పనిచేస్తాది, కొందరికి చెయ్యదు పెద్దాయనా, చూద్దాం" అన్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చలేదు. యంత్రం దగ్గర లోహం పనికిరాదని మెడలో తాయెత్తు తీయించారు. మా ఆవిడ దాన్ని గుప్పిట్లో బిగించుకుని కూర్చునేది.

వారానికోసారి పరీక్ష. కాగితం మీద నత్తగుల్లలాగా చుట్లు చుట్లుగా గీత గీయాలి. మొదటిది కోడి కెలికినట్టు వచ్చింది. ముప్పై ఏళ్లు చీరలు నేసిన చేతికి అంత అవమానమా అని, ఇంట్లో పాత క్యాలెండర్ల వెనకంతా నత్తగుల్లలే గీశాను. మోచెయ్యి బల్లకు ఆనించి, ఊపిరి బిగబడితే వణుకు కనపడదని కనిపెట్టాను. చీరలో లోపం వస్తే అది లోపలికి పోయేలా మడతపెట్టి షావుకారుకు చూపడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య.

నాలుగో వారం నా బొమ్మ చూసి డాక్టరు మురిసిపోయాడు.

"శానా నయమైంది పెద్దాయనా. ఇంక రావల్సిన పని లేదు."

"అవునప్పా, బాగుండాది" అన్నాను సిగ్గులేకుండా.

మా ఆవిడ తన కొంగు అంచు నుంచి ఒక పోగు లాగింది. దాన్ని తుంచి, రెండు కొసలూ నా ముందు పెట్టింది.

"మడత పైన బాగనే ఉంటాది సార్. విప్పి సూడు. ముడి వెయ్యమని సెప్పు."

ఆ కొసలు ఒకదాన్నొకటి తప్పించుకు తిరిగాయి. డాక్టరు చీటీలో నయమైందని రాసింది కొట్టేసి, నన్ను మళ్లీ యంత్రం గదిలోకి పంపాడు.

బయటికి వచ్చాక "నా పరువు తీస్తివి కదే" అన్నాను.

"మగ్గం కాడ నీ పరువు కూర్చుంటాదా, నువ్వు కూర్చుంటావా?" అంది.

ఇంకొన్ని వారాలు తిరిగాం. వణుకు పూర్తిగా పోలేదు. ఒకరోజు మాత్రం మగ్గం మీద పోగు తెగితే, పదకొండోసారికి ముడి పడింది. మా ఆవిడ వచ్చి దాన్ని వేలితో లాగి చూసింది. ఊడలేదు.

"దీన్ని మడత పైకి పెట్టొచ్చు" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఈసారి దాచలేదు.