దానంతటదే పగలలేదు

మా బావ మెడ మీద లేచిన సెగగడ్డను సూదితో పొడిచింది నేనే. ఈ ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోస్తూనే నవ్వాను, తిన్నాను, ఊరందరి పెళ్లిళ్లకూ జాకెట్లు కుట్టాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో చెప్పడం కాస్త సులువు.

మాది నరసరావుపేట. నేను టైలర్ని. బావ, అంటే మా అక్క మొగుడు, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలకు లారీ తోలేవాడు. వాళ్ల ఇల్లు మా వెనక వీధిలోనే. ఆ వేసవిలో మెడ వెనక గడ్డ లేస్తే, కాల్చిన ఉల్లిపాయ కట్టమని నా దగ్గరకు వచ్చాడు. కట్టి ఊరుకుంటే పోయేది. గడ్డ ఇంకా పక్వానికి రాలేదు. నాకేమో ఓపిక లేదు. ఏ పనైనా చేతిలో పడితే అప్పటికప్పుడు తేల్చెయ్యాలి నాకు. ఆయన వెనక్కి చూడలేడు కదా. ఒళ్లోని జాకెట్టుకు గుచ్చి ఉన్న సూది తీసి పొడిచి, బొటనవేళ్లతో గట్టిగా నొక్కాను. బావ కేక పెట్టాడు. పగిలింది బావా, దానంతటదే అని, పైన ఉల్లిపాయ కట్టాను.

మర్నాడు చలిజ్వరం. సాయంత్రానికి మాట తడబడింది, బీపీ పడిపోయింది. ఐసీయూలో పెట్టారు. సెప్సిస్ అన్నారు.

"గడ్డను ఎవరైనా చిదిమారా అమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"లేదండీ. దానంతటదే పగిలింది," అన్నాను నేను.

మన రక్షణ కణాల మీద రిసెప్టర్లు ఉంటాయని ఆయన చెప్పాడు. సూక్ష్మక్రిమిని గుర్తుపట్టి మిగతా కణాలను లేపడం వాటి పనట. క్రిమి ఒక్కచోటే ఉంటే అక్కడే వాపు, వేడి. అది మేలే. రక్తంలో కలిస్తే మాత్రం ఒళ్లంతా ఒకేసారి లేచి, ఆ వాపు హద్దు దాటి, సొంత రక్తనాళాలనూ అవయవాలనూ దెబ్బతీస్తుందట. అక్క ఏడుస్తోంది. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, ప్రాణం లేచొచ్చింది. అయితే తప్పు బావ ఒంటిదే. ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతం చేసిన ఆ రిసెప్టర్లది. ఏళ్ల తరబడి ఆ మాట పట్టుకునే వేలాడాను. మరి వాటిని లేపింది ఎవరు? క్రిమిని లోపలికి తోసిన బొటనవేళ్లు ఎవరివి? నిజం చెప్పి ఉంటే వైద్యం ఏమైనా మారేదా? మారకపోవచ్చు. కానీ అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు, మారుతుందో లేదో తెలియకుండానే అబద్ధమాడాను.

బావ బతికాడు. ఆయాసం మిగిలింది, లారీ మానేసి చిన్న ఆటో కొనుక్కున్నాడు. ఇదంతా మామిడిపండు వేడి వల్లేనని తీర్పు చెప్పి పండు తినడం మానేశాడు. మేం బంగినపల్లి తింటుంటే మజ్జిగ తాగుతూ మమ్మల్ని తిట్టేవాడు. నేను టెంక చీకుతూ నవ్వేదాన్ని. ఎంత గుండె నాది? పైగా నా ఉల్లిపాయ కట్టు వల్లే చెడు బయటికి పోయి బతికానని వీధి వీధంతా చెప్పేవాడు.

నిన్న పొద్దున, పండు ముట్టని ఆ మనిషికి మళ్లీ గడ్డ లేచింది.

"ఏమే మరదలా, ఉల్లిపాయ కాల్చు. నీ చెయ్యి చానా మంచిది," అంటూ స్టూలు మీద కూర్చుని మెడ వంచాడు.

ముఖం చూస్తూ అయితే ఎప్పటికీ చెప్పేదాన్ని కాదు.

"ఆసుపత్రికి పో బావా. ఆ రోజు అది దానంతటదే పగల్లా. నేనే సూదితో పొడిచా. డాక్టరుకీ అబద్ధమే చెప్పా."

వంచిన మెడ ఎత్తకుండానే అడిగాడు.

"మీ అక్కకు తెలుసా?"

"తెలీదు."

చొక్కా కాలరు సర్దుకుని, నా వైపు తిరక్కుండానే వెళ్లిపోయాడు. ఆసుపత్రిలో చూపించుకున్నాడని పక్కింటి పిన్ని చెప్పింది. అక్క ఫోను ఎత్తడం లేదు. భయమేస్తోంది, ఏడుపూ వస్తోంది. అయినా ఇవాళ మిషను తొక్కుతుంటే నాకు తెలియకుండానే కూనిరాగం తీశాను. ఎన్నాళ్లకో. తిట్టడానికైనా సరే, అక్క రావాలి. తలుపు తీసే ఉంచాను.